ఇరవై ఆరు తుపాకుల గురి

మా తాతకు సొంత తుపాకీ ఎప్పుడూ లేదు. అయినా కొయ్యూరు చుట్టుపక్కల ఊళ్ళలో తుపాకీ మాట వస్తే ఆయన్నే అడిగేవారు. 1960లలో మైదానం నుంచి ప్రతి ఎండాకాలం వేటకు వచ్చే ఒక పెద్ద రైతుకు తాత దారి చూపేవాడు. అడుగుజాడలు పట్టడం, గాలి ఎటు వీస్తోందో చూసి మనిషిని కూర్చోబెట్టడం, పడిన జంతువును మోయించడం ఆయన పని. తుపాకీ మాత్రం ఆ రైతుది. అది ఇషాపూర్ కర్మాగారంలో తయారైన .315 రైఫిలు. అందరూ త్రీ ఫిఫ్టీన్ అనేవారు.

ఆ తుపాకీ కొత్తగా వచ్చిన ఏడు వరసగా గురి తప్పింది. ఇరవై బారల దూరంలో నిలబడ్డ అడవిపంది కూడా తప్పించుకుపోయింది. రైతు కర్మాగారాన్ని తిట్టాడు, తూటాల్ని తిట్టాడు, చివరికి దారి చూపినవాణ్ణి కూడా తిట్టాడు. తాత అన్నదొకటే: "కొత్త ఎద్దును కొన్న రోజే నాగలికి కట్టం కదా బాబూ. దీనికీ కాస్త పని చెయ్యాలి." నర్సీపట్నంలో పింఛను మీద బతికే ఒక పాత మిలటరీ ఆయన దగ్గరకు ఇద్దరూ వెళ్ళారు. అక్కడ నేర్చుకున్నది తాత నాకు చాలాసార్లు చెప్పాడు. ఆ తరవాత మా మన్యం చరిత్ర చదువుతున్నప్పుడల్లా ఆ పాఠమే గుర్తొచ్చేది. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

కర్మాగారం నుంచి వచ్చిన తుపాకీ ఎవరి కోసమూ తయారైంది కాదు. వేల గొట్టాలు, వేల కర్రలు ఒకే కొలతకు చేసి బిగిస్తారు. గొట్టం కింద ఉండే కర్ర ఒక తుపాకీలో వదులుగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక పక్క ఒత్తుతుంది. తూటా పేలినప్పుడు గొట్టం కొరడాలా అదురుతుంది. ఆ అదురు ప్రతిసారీ ఒకేలా ఉంటే గుండు ఒకేచోటికి పోతుంది. కర్ర ఒక పక్క ఒత్తితే అదురు మారిపోతుంది. మన వానాకాలంలో కర్ర నీరు తాగి ఉబ్బుతుంది. వేసవిలో కుదిరిన గురి శ్రావణంలో తప్పుతుంది. ఆ మిలటరీ ఆయన గొట్టానికీ కర్రకూ మధ్య సన్న కాగితం దూర్చి, ఎక్కడ ఆగుతుందో చూసి, అక్కడ కర్రను గాజుపెంకుతో గీకాడు. తరవాత అవిసె నూనె పట్టించి ఎండబెట్టాడు. వెనక కర్రను బిగించే పెద్ద మరను మళ్ళీ బిగించాడు. ఈ జాతి రైఫిళ్ళలో కర్ర రెండు ముక్కలు, ఆ మర వదులైతే మిగతా పనంతా దండగే.

ఆ తరవాత గురి. నూరు గజాల దూరంలో సున్నం పూసిన బండ పెట్టి, బస్తా మీద తుపాకీ ఆనించి మూడేసి తూటాలు కాల్పించాడు. ఒక్క తూటా చూసి ఏమీ తేల్చకూడదన్నాడు. మూడూ ఒక గుంపుగా పడితే తుపాకీ మంచిదే, గుంపు ఎక్కడ పడిందన్నది మాత్రమే సరిచేయాలి. గొట్టం చివరి చిన్న ఇనపముక్కను, అంటే ముందు గురిని, గుండు ఎటు పోతోందో అటే జరపాలి. ఎడమకు పోతే ఎడమకు, పైకి పోతే ఇంకాస్త ఎత్తయిన ముక్క. వినడానికి తిరకాసుగా ఉంటుంది గాని లెక్క అంతే. ఒకే పెట్టెలోని తూటాలే వాడమన్నాడు. మొత్తం పనికి ఇరవై దాకా తూటాలు ఖర్చయ్యాయి. రైతు మొహం చిన్నబోయిందట. ఆ రోజుల్లో లైసెన్సు మీద ఏడాదికి వచ్చే తూటాలు లెక్క ప్రకారమే కదా. అయితే ఆ ఏడు గురి తప్పలేదు.

ఇందులో నాకు పట్టుకున్న మాట ఇరవై తూటాలు. గురి కుదరాలంటే తూటా పారబోయాలి. పారబోయడానికి తూటాలు ఉన్నవాడికే గురి కుదురుతుంది.

ఇక చరిత్రలోకి వద్దాం. ఆ .315 తుపాకీకి ఆ అంకె ఎందుకొచ్చిందన్నదే ఒక కథ. సైన్యం వాడేది .303 లీ ఎన్‌ఫీల్డ్. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో సైన్యం తూటా పట్టే తుపాకీ బయటి మనుషుల దగ్గర ఉండకూడదంది. తిరుగుబాటు వస్తే సైన్యం తూటాలు అటు పోతాయని భయం. అందుకని బర్మింగ్‌హామ్ కంపెనీలు అదే లీ ఎన్‌ఫీల్డ్ యంత్రానికి వేరే తూటా పట్టే గొట్టం బిగించి ఇండియాకు అమ్మాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ కూడా దాన్నే కొనసాగించింది. అంటే మన దేశపు వేట తుపాకీ పుట్టుకలోనే ప్రజల మీద అనుమానం ఉంది.

ఆ అనుమానం ఇంకా పాతది. 1857కు ముందు సిపాయిలకు ఇచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిలు గొట్టంలో మెలి తిరిగిన గాళ్ళు ఉండేవి. గాడిలో తిరుగుతూ వచ్చిన గుండు బొంగరంలా నిలకడగా పోతుంది. దాని గురిపట్టీ మీద 900 గజాల దాకా అంకెలు ఉండేవి. తిరుగుబాటు అణిచాక కంపెనీ పోయి రాణి రాజ్యం వచ్చింది. కొత్త ప్రభుత్వం సిపాయిల కోసం అదే తుపాకీని గాళ్ళు లేకుండా, గొట్టం లోపల నున్నగా తొలిపించి, ఎత్తు మార్చడానికి వీల్లేని గురిముక్క పెట్టి తయారుచేయించింది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. నున్న గొట్టంలో గుండు అటూ ఇటూ తగులుతూ వస్తుంది. నూరు గజాలు దాటితే మనిషికి తగులుతుందన్న నమ్మకం లేదు. తెల్ల సోల్జర్ల చేతిలో మాత్రం గాళ్ళున్న రైఫిలే ఉంది. కొత్త రకం తుపాకీ వచ్చినప్పుడల్లా ముందు తెల్ల పటాలాలకు, వాళ్ళు వదిలేసిన పాతది సిపాయిలకు, ఇంకా పాతది పోలీసులకు. చాలా ఏళ్ళు అదే వరస నడిచింది.

మనం గురి అంటే కన్ను, చెయ్యి, ఊపిరి అనుకుంటాం. గురి ఎవరికి ఉండాలో, ఎంత దూరం ఉండాలో కర్మాగారంలోనే తేల్చి పంపిన రోజులు కూడా ఉన్నాయి.

1878లో ఆయుధాల చట్టం వచ్చింది. ఐరోపా వారికి మినహాయింపు, మనవాళ్ళకు లైసెన్సు. మరుసటి ఏడే, 1879లో, రంప మన్యం లేచింది. చట్టానికీ ఫితూరీకీ నేరుగా ముడిపెట్టను. అక్కడ మంట రేపింది మున్సబుదారు కల్లు మీద వేసిన పన్నులు, పోలీసుల పీడన. కాని ఆ ఫితూరీ అణిగాక కొండల్లో తుపాకీ కనబడితే నేరమన్న చూపు గట్టిపడింది. మన చేతికి మిగిలింది విల్లు. వెదురు బద్ద, వెదురు నారి, కొండ కమ్మరి చేసిన ములికి. విల్లుతో వేటాడేవాడు దూరాన్ని నమ్ముకోడు. జంతువుకు పాతిక ముప్పై అడుగుల దగ్గరకు చేరడమే అతని విద్య. ఇటుకల పండుగ వేటకు పోయి వట్టిచేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేసే ఊళ్ళు మనవి. దగ్గరకు చేరడం రాని మగవాడికి ఇక్కడ మర్యాద ఉండేది కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దామనపల్లి ఘాటులో పనికొస్తుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వందల మంది మన్యం మనుషులు. చింతపల్లిలో 11 తుపాకులు, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8. మొత్తం 26. తూటాలు రమారమి 2,500. ఈ అంకెలు అందరూ రాస్తారు. రాసి, ఎంత పెద్ద విజయమో చెప్పి, ముందుకు పోతారు. నేను ఇక్కడే ఆగుతాను. 2,500ను 26తో భాగించండి. తుపాకీకి 96 తూటాలు.

తాత లెక్క ప్రకారం ఒక తుపాకీ గురి కుదర్చడానికే ఇరవై పోతాయి. 26 తుపాకులకూ ఆ పని చేస్తే 520 తూటాలు. అంటే దొరికిన దాంట్లో అయిదో వంతు సున్నం బండకు ఖర్చు. ఇక కొత్తగా తుపాకీ పట్టిన మనిషికి చెయ్యి తిరగాలంటే ఇంకెన్ని కావాలో! తూటా అడవిలో కాయదు. విల్లుకు ములికి పోతే కమ్మరి కొలిమి ఉంది, తూటాకు కర్మాగారం కావాలి.

పైగా అవి పోలీసు కార్బైన్లు, పొట్టి గొట్టం తుపాకులు. మోయడానికి తేలిక, గురికి కష్టం. వెనక గురికీ ముందు గురికీ మధ్య దూరం తగ్గితే కంటి పొరపాటు పెరుగుతుంది. ఆ రెండిటి మధ్య 75 సెంటీమీటర్లు ఉంటే, గురిలో ఒక మిల్లీమీటరు తేడాకు నూరు మీటర్ల దగ్గర గుండు 13 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 50 సెంటీమీటర్లే ఉంటే అదే తేడాకు 20 సెంటీమీటర్లు. గుండెకు పెట్టిన గురి భుజం దాకా జరుగుతుంది.

తెలియని తుపాకీ, చాలని తూటాలు, పొట్టి గొట్టం. వీటితో ఏం చేశారు? అప్పటిదాకా విల్లుతో ఏం చేశారో అదే చేశారు.

సెప్టెంబరు 24, దామనపల్లి ఘాటు. సీతారామరాజు కోసం వెతుకుతున్న పోలీసు దళం ఇరుకు దారిలో ఎక్కుతోంది. ముందు మనదేశపు కానిస్టేబుళ్ళు, వెనక స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు. పొదల్లో ఉన్నవాళ్ళు ముందు నడిచేవాళ్ళను పోనిచ్చారు. ఒక్క గుండూ పేల్చలేదు. అధికారులు ఎదురుగా వచ్చాకే కాల్చారు. ఇద్దరూ చనిపోయారు. మనదేశపు పోలీసులను చంపవద్దన్నది సీతారామరాజు నియమమని అందరూ రాశారు, నిజమే. కాని ఆ నియమం పాటించడానికి ఎలాంటి గురి కావాలో ఎవరూ రాయలేదు. ఇరుకు దారిలో, కలిసి నడిచే మనుషుల్లో, ఫలానా ఇద్దరికే గుండు తగలాలి. మెషిన్‌గన్ ఉన్నా ఆ పని కాదు. దగ్గరుండాలి. ఎంత దగ్గరంటే మొహం పోల్చుకునేంత. పక్కన పోతున్న కానిస్టేబులు దగ్గు వినబడుతున్నా కదలకుండా కూచోగలగాలి. అది తుపాకీ విద్య కాదు. వేటలో ముందొచ్చే పిల్లపందుల్ని పోనిచ్చి పెద్దదాని కోసం ఊపిరి బిగబట్టే విద్య.

నాకు బాధ కలిగించే సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. రాజుగారికి మంత్రం తెలుసు, ఆయనకు గుండు తగలదు, తుపాకీ గుళ్ళు నీళ్ళవుతాయి అన్న కథలు ఆ రోజుల్లోనే పుట్టాయి. అలాంటి నమ్మకం మన ఒక్కరిదే కాదు. 1899-1900లో బిర్సా ముండా వెంట నడిచినవాళ్ళూ అలాగే నమ్మారు. 1905లో తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీద లేచిన జనం మంత్రించిన నీళ్ళు తాగి గుండుకు ఎదురెళ్ళారు. ఆ తిరుగుబాటు పేరే మాజీ మాజీ, అంటే వాళ్ళ భాషలో నీళ్ళు నీళ్ళు. తుపాకీ లేనివాడు తుపాకీ ముందు నిలబడటానికి ఏదో ఒక ధైర్యం కావాలి, దాన్ని నేను వెక్కిరించను. కాని తరవాతి కాలంలో నాటకాలు, సినిమాలు, ఉపన్యాసాలు ఆ మంత్రాన్నే పట్టుకున్నాయి. దామనపల్లి పొదల్లో కదలకుండా కూచున్న మనిషి విద్య ఎవరికీ పట్టలేదు. అతని చెయ్యీ కన్నూ మహిమగా మారిపోయాయి. మహిమ ఒక్కరికే ఉంటుంది, విద్య ఊరందరికీ ఉంటుంది. 26 తుపాకులు ఎవరెవరు పట్టుకున్నారని ఎవరైనా అడిగారా?

ప్రభుత్వం మాత్రం సంగతి తొందరగానే గ్రహించింది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం. సీతారామరాజు దళం రెండు చోట్లకూ వెళ్ళింది. కాని స్టేషన్లలో ఆయుధాలు ముందే తీసేశారు. అందుకే పితూరీ చరిత్రలో నాకు దామనపల్లి ఎంత ముఖ్యమో, ఏమీ దొరకని ఈ రెండు స్టేషన్లూ అంతే ముఖ్యం. తుపాకీకి 96 తూటాలన్న లెక్క ఇక తగ్గడమే తప్ప పెరిగే దారి మూసుకుపోయింది.

డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర అది బయటపడింది. అక్కడ పోరు పొదల్లో కాదు, ప్రభుత్వ దళాలకు అనువైన దూరంలో జరిగింది. ఎదురుగా ఉన్నది తూటాలకు కొదవలేని, రోజూ గురి సాధన చేసిన ప్రత్యేక దళం. ఆ పగలూ ఆ రాత్రీ కలిపి మనవాళ్ళు పన్నెండుమంది దాకా పోయారు. దూరం నుంచి కాల్చుకోవలసి వస్తే ఎవరి వెనక కర్మాగారం ఉందో వాళ్ళదే గెలుపు. ఆ తరవాత సీతారామరాజు దళం అలాంటి పోరుకు వీలైనంతవరకు దూరంగానే ఉంది. దీన్ని భయమని రాసినవాళ్ళున్నారు. నా లెక్కలో అది మిగిలిన తూటాలు ఎరిగిన మనిషి జాగ్రత్త.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. తరవాత జైలు, అండమాన్. 1952లో ఆయనే విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది. మైదానపు పోలీసులు చేయలేని పనికి కొండల్లో పుట్టి పెరిగిన వాళ్ళ పటాలాన్ని తెచ్చారు. గూర్ఖాలు, ఈశాన్య కొండల మనుషులు. వాళ్ళకూ పొదల్లో కూచోవడం తెలుసు, వాసన పట్టడం తెలుసు. వాళ్ళ చేతిలో మంచి రైఫిలు, వెనక బండెడు తూటాలు. మన విద్యకు తోడు వాళ్ళ ఆయుధం చేరితే ఏమవుతుందో ఆ నాలుగు నెలల్లో తేలిపోయింది. పైగా ఊళ్ళలో తిండి గింజలు దొరక్కుండా కట్టడి చేశారు. ఆకలితో ఉన్న మనిషి చెయ్యి వణుకుతుంది, గురి సంగతి సరే.

ఆ పాత తుపాకుల కథ అక్కడితో అయిపోయింది గాని మన ఇళ్ళలో ఇంకో రకం తుపాకీ నిలిచింది. నాటు తుపాకీ. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, మందూ గుండూ మూతి నుంచి కూరతారు. చేను మీద పడే పందుల కోసం పెట్టుకున్నామంటారు మనవాళ్ళు. 1959 చట్టం ప్రకారం లైసెన్సు లేకపోతే నేరం, 1972 వన్యప్రాణి చట్టం తరవాత వేటా నేరమే. అప్పుడప్పుడూ పోలీసులు ఊరూరా తిరిగి అప్పగించమంటారు. అది పేలి చేతులు పోగొట్టుకున్నవాళ్ళను నేను చూశాను, దాన్ని వెనకేసుకు రాను. అయితే దాన్ని చూసినప్పుడల్లా 1857 తరవాత సిపాయికి నున్నగా తొలిచి ఇచ్చిన గొట్టం గుర్తొస్తుంది. లోకమంతా గాళ్ళున్న గొట్టాలకు మారి నూటయాభై ఏళ్ళు దాటింది. మన దాకా వచ్చినది ఇప్పటికీ అదే.

ఆ త్రీ ఫిఫ్టీన్ రైతు 1972 తరవాత రాలేదు. తుపాకీ స్టేషనులో అప్పగించాడో అమ్మేశాడో తాతకు కబురు అందలేదు. చివరిసారి వచ్చినప్పుడు కర్ర ఉబ్బిందేమోనని తాతే కాగితం దూర్చి చూశాడట.

ఇక 1924 మే 7. మంప దగ్గర సీతారామరాజును పట్టుకున్నారు. అక్కణ్ణుంచి మా కొయ్యూరు తెచ్చారు. అస్సాం రైఫిల్స్ మేజర్ గుడాల్ ఇక్కడ ఉన్నాడు. ఇక్కడే కాల్చి చంపారు. శవాన్ని కృష్ణదేవిపేట తీసుకుపోయారు, సమాధి అక్కడుంది. పారిపోబోతే కాల్చామని ప్రభుత్వం చెప్పింది. చెట్టుకు కట్టి కాల్చారని మా ఊళ్ళో చెబుతారు. తాతకు అప్పటికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. కాల్చడం చూడలేదు, చప్పుడు విన్నాడు.

ఎవరైనా చదువుకున్నవాళ్ళు ఊరికొస్తే తాత ఆ రోజు గురించి ఒక్కటే అడిగేవాడు. మంత్రం గురించి కాదు, స్వరాజ్యం గురించి కాదు. నేను డిగ్రీ చదివి వచ్చినప్పుడు నన్నూ అడిగాడు. పారిపోతుంటే కాల్చామన్నారు కదా, కాల్చినప్పుడు ఆయన ఎన్ని గజాల దూరంలో ఉన్నాడని రాశారు?